నొప్పి ఓర్చుకున్నవాళ్ళకు దండలెందుకు?

ఈసారి రాత కొంచెం పెద్దది. కాఫీ కలుపుకుని కూర్చోండి.

పోయిన వారం మన గ్రూపులో ఒక అన్నగారు తన ఆపరేషన్ సంగతి రాశారు. హెర్నియాకు చేయించుకున్నారు. ఇంటికొచ్చిన మర్నాడే నొప్పి మాత్రల అట్టను చెత్తబుట్టలో పడేశారట. "మన పెద్దవాళ్ళు ఏ మాత్రలు మింగి బతికారు? ఓర్చుకుంటే నొప్పి దానంతటదే పోతుంది" అని ముగించారు. దాని కింద నూరుకు పైగా దండాలు, చప్పట్లు. ఒకరు సింహం బొమ్మ కూడా పెట్టారు.

మేము దండం పెట్టలేదు. అది చదివిన రాత్రి మా ఇంట్లో ఇద్దరికీ సరిగ్గా నిద్ర పట్టలేదు. వచ్చే నెల మోకాలి మార్పిడి ఆపరేషన్‌కు తేదీ తీసుకున్న ఆడవాళ్ళు ఇద్దరు అదే గ్రూపులో ఉన్నారు. వాళ్ళూ చదివారు. మర్నాడు పొద్దున్నే ఒకామె ఫోన్ చేసి, "అక్కా, ఆ మాత్రలు వేసుకోకుండా ఉంటేనే మంచిదట కదా?" అని అడిగింది. ఆ ఫోన్ వల్లే ఈ రాత.

మేము, మేము అని రాస్తున్నామని పెద్దరికం అనుకోవద్దు. మా ఇంటామె పక్కన కూర్చుని చెబుతోంది. కాలు ఆమెది, టైపు కొట్టే వేళ్ళు ఇంకొకరివి, రాత ఇద్దరిదీ. తమిళ మీడియంలో చదువుకుని, రైల్వేలో 34 ఏళ్ళు ఇంగ్లీషులో రిజిస్టర్లు రాసి, రిటైరయ్యాక సంఘం క్లాసులో అక్షరాలు దిద్దుకున్న తెలుగు ఇది. తప్పులుంటే దిద్దండి, విషయాన్ని మాత్రం వదలకండి.

అన్నగారి మీద మాకు గౌరవం తక్కువేమీ లేదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానుకు మా వీధి మునిగినప్పుడు నడుం లోతు నీళ్ళలో పాలప్యాకెట్లు మోసుకొచ్చిన మనిషి ఆయన. ఆయన గాయం చిన్నది, ఒళ్ళు గట్టిది, రెండు రోజుల్లో నొప్పి తగ్గింది. సంతోషం. మోకాలి ఎముక కోసి లోహం బిగించిన 66 ఏళ్ళ ఆడమనిషికి అదే సూత్రం చెప్పడం దగ్గరే మా తగాదా.

ఇక మా కథ. నిరుడు సెప్టెంబరులో మా ఇంటామెకు కుడి మోకాలు మార్చారు. మొదటి రోజు తొడ దగ్గర నరానికి మత్తు ఇచ్చారు కాబట్టి నవ్వుతూ ఇడ్లీ తింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు "ఇంతేనా, దీనికా భయపడ్డాం" అన్నారు. రెండో రాత్రి ఆ మత్తు దిగింది. మంచం కమ్మీ పట్టుకుని పళ్ళు బిగబట్టి పడుకుంది గానీ నర్సును పిలవనివ్వలేదు. "పాపం ఆ పిల్ల ఇప్పుడే కూర్చుంది" అంటుంది. ఆమె గుణం మీలో చాలామందికి తెలుసు.

నాలుగో రోజు ఇంటికి పంపారు. ఆస్పత్రి పేరు చెప్పం. చేసిన చేతులు మంచివే, కాగితమే బాగోలేదు. ట్రమడాల్, పారాసిటమాల్ కలిసిన మాత్ర రోజుకు మూడు చొప్పున 5 రోజులు, ఆ తర్వాత ఎస్.ఓ.ఎస్. అని రాశారు. ఎస్.ఓ.ఎస్. అంటే ప్రాణం మీదికి వస్తే అని మేము అనుకున్నాం. రైల్వే బుర్ర మరి. అది లాటిన్ మాటల పొట్టి రూపమట, అవసరమైతే వేసుకో అని అర్థమట. పెరంబూరులో కాపురం ఉన్న తెలుగామెకు, మలయాళీ నర్సు చేతుల మీదుగా, ఇంగ్లీషు కాగితంలో, లాటిన్ మాట! ఇంటికొచ్చాక ఏ రోజు ఎన్ని తగ్గించాలి, నొప్పి తగ్గకపోతే ఎవరికి ఫోన్ చేయాలి, వ్యాయామానికీ మాత్రకూ సంబంధం ఏమిటి, ఒక్క ముక్క లేదు.

ఆ ఖాళీని మనవాళ్ళు నింపారు. రోజుకు ఆరేడుగురు వచ్చేవారు, అందరూ మనసున్నవాళ్ళే. హార్లిక్స్ సీసాతో ఒకరు, దానిమ్మపళ్ళతో ఒకరు. ప్రతి ఒక్కరి దగ్గరా ఒక కథ ఉంది. ఆ మాత్రలు వేసుకుని ఎవరికో కిడ్నీలు పోయాయట. ఎవరో అలవాటు పడి మానలేకపోయారట. "మా అత్తగారు తొంటి ఎముక విరిగినా అమ్మా అనలేదు" అని ఒకావిడ. మూడో రోజు నుంచి మా ఇంటామె మాత్ర మానేసింది. మాకూ చెప్పలేదు. అట్టలో మాత్రలు తగ్గుతున్నట్టు కనిపించాలని ఒక్కొక్కటీ తీసి పూలకుండీలో పూడ్చింది. 34 ఏళ్ళు లెక్కలు సరిచూసినవాళ్ళం, ఇంట్లో లెక్క తప్పినా పట్టుకోలేకపోయాం.

వ్యాయామం చేయించే అబ్బాయి వచ్చి కాలు వంచబోతే ఆమె కేక పెట్టేది. "ఈరోజు వద్దు నాయనా" అనేది. రేపు, ఎల్లుండి అని వాయిదాలు. కుర్చీలోంచి సులువుగా లేవాలన్నా మెట్లు దిగాలన్నా మోకాలు 90 డిగ్రీలైనా వంగాలి. ఆరో వారానికి మా ఇంటామెది 65 దగ్గర ఆగిపోయింది. లోపల మచ్చ గట్టిపడి బిగుసుకుందన్నారు. మళ్ళీ ఆస్పత్రి, మళ్ళీ మత్తు. డాక్టరు చేత్తో కాలు వంచి ఆ అతుకులు విడదీశారు. రిటైరైనవాళ్ళకు రైల్వే వైద్య పథకం ఉంది కాబట్టి మా చేతి డబ్బు పోలేదు. పోయింది ఇంకో రెండు నెలల నడక. "మాత్రలు ఎందుకు మానేశారమ్మా?" అని డాక్టరు అడిగితే ఆమె "ఓర్చుకోగలిగాను సార్" అంది. ఆయన ఏమీ అనలేదు. కాగితం వైపు చూశారు, మా వైపు చూశారు.

మొదటి రెండు వారాల్లో ఇచ్చే గట్టి మాత్ర హాయిగా పడుకోవడానికి కాదు. లేచి నడవడానికి. నొప్పికి భయపడి కదలకపోతే కాలి నరాల్లో రక్తం గడ్డకట్టవచ్చు. పొట్ట మీదో ఛాతీ మీదో కోత ఉన్నవాళ్ళు నొప్పికి జడిసి గట్టిగా దగ్గకపోతే, నిండా ఊపిరి తీసుకోకపోతే, ఊపిరితిత్తుల్లో కఫం చేరి న్యుమోనియా వస్తుంది. మోకాలైతే బిగుసుకుంటుంది. నిద్ర లేక చక్కెర, బీపీ ఎగురుతాయి. మొదట్లో అదుపు చేయని నొప్పి కొందరిలో నెలల తరబడి నిలిచిపోతుంది కూడా. ఓర్చుకుంటే పోతుందన్న మాటకు ఇది సరిగ్గా ఎదురు.

ఓర్పు గురించి కూడా చెప్పాలి. ఈ సంఘంలో మగవాడికి పన్ను నొప్పి వస్తే ఇల్లంతా మేలుకుంటుంది. ఆడమనిషి కడుపు కోసి బిడ్డను తీసినా మూడో రోజు వంటింట్లో కనిపిస్తే "ఎంత ఓర్పు!" అని మెచ్చుకుంటాం. ఆ మెప్పు ఉచితంగా రాదు. ఒకసారి ఓర్పుగల మనిషి అని పేరు పడితే ఇక నొప్పి అని చెప్పడానికి ఆమెకు నోరు రాదు. మా ఇంటామె పూలకుండీలో మాత్రలు పూడ్చింది మూర్ఖత్వంతో కాదు, ఆ పేరు పోకూడదని. ఆ పేరు పెట్టినవాళ్ళలో మొదటివాళ్ళం మేమే. నలభై ఏళ్ళుగా పెట్టాం.

"అయితే ఏమిటి, మాత్రలు మింగుతూ ఉండమంటారా?" అని అడుగుతారు. అదీ కాదు. రెండో గొయ్యి కూడా మా బంధువుల్లోనే చూశాం.

మా తోడల్లుడికి వెన్నులో డిస్కు ఆపరేషన్ అయింది. ఆయన ఓర్పు గల మనిషి కాదు, అది ఆయనే ఒప్పుకుంటారు. రెండు వారాలకని రాసిన ట్రమడాల్ ఐదు నెలలు నడిచింది. పాత చీటీ చూపించకుండానే వీధి చివర మందుల షాపులో ఇచ్చేవారు. ఆ మందు 2013 నుంచీ షెడ్యూల్ హెచ్1 జాబితాలో ఉంది. షాపువాడు డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చాడో రిజిస్టరులో రాసి మూడేళ్ళు ఉంచాలి. 2018 ఏప్రిల్‌లో మత్తుమందుల చట్టం కిందికి కూడా తెచ్చారు. రిజిస్టరు విలువ గుమాస్తాకు తెలుస్తుంది, తెలియనివాడికి అది బల్ల మీద దుమ్ము. పైగా పెళ్ళికి వెళ్ళినప్పుడు నడుం నొప్పి అన్న ప్రతివాళ్ళకూ ఆయనే ఒక మాత్ర తుంచి ఇచ్చేవారు. ధర్మం చేసినట్టు!

కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నారు. అదే రోజు అన్ని మాత్రలూ ఒక్కసారిగా మానేశారు. రెండో రోజుకు చెమటలు, ఆవలింతలు, ముక్కు కారడం, విరేచనాలు. కాళ్ళు ఒక చోట నిలవవు, రాత్రంతా వరండాలో పచార్లు. స్వామి పరీక్ష పెడుతున్నాడన్నారు ఒకరు, వైరల్ జ్వరం అన్నారు ఇంకొకరు. వీధి డాక్టరు ఒక్క ప్రశ్న అడిగారు: "ఏం మానేశారు?" మళ్ళీ చిన్న మోతాదు మొదలుపెట్టి, ఆరు వారాల్లో మెల్లగా దించారు. మోతాదు మించితే ఫిట్స్ కూడా తెప్పించే మందు అది. ఆయన గట్టెక్కారు.

ఇక్కడ ఒక తేడా గమనించండి. ఆయనకు వచ్చింది వ్యసనం కాదు. నల్లమందు జాతి మందు వారాల తరబడి తీసుకుంటే ఎవరి ఒళ్ళయినా దానికి అలవాటు పడుతుంది, ఒక్కసారిగా ఆపితే తిరగబడుతుంది. వ్యసనం అంటే నొప్పి లేకపోయినా మందు కోసం మనసు వెంపర్లాడటం, చెడు జరుగుతున్నా మానలేకపోవడం. ఈ రెంటినీ కలిపి "అలవాటైపోతుంది" అనే ఒక్క మాటలో చుట్టేసి రోగిని బెదిరిస్తున్నాం. నాలుగైదు రోజులు చీటీ ప్రకారం వేసుకున్నవాళ్ళు సాధారణంగా ఏ ఇబ్బందీ లేకుండా మానేయగలరు. వారాలు దాటినవాళ్ళు డాక్టరు లెక్క ప్రకారం మెట్టు మెట్టుగా దిగాలి.

మా రైల్వేలో ఎర్ర సిగ్నల్ ఒక్కసారిగా ఎదురు రాదు. ముందు డబుల్ ఎల్లో, తర్వాత ఎల్లో, ఆ తర్వాతే రెడ్. డ్రైవరు వేగం తగ్గించుకోవడానికి అంత దూరం ఇస్తారు. మా ఇంటామెకు డబుల్ ఎల్లో చూపించినవాళ్ళు లేరు. మా తోడల్లుడికి ఐదు నెలలు గ్రీనే, ఆ తర్వాత ఏకంగా రెడ్.

రెండోసారి ఆస్పత్రిలో మాకు అదృష్టం కలిసొచ్చింది. మత్తు ఇచ్చిన డాక్టరమ్మ చిన్న వయసు, తిరునెల్వేలి తమిళం. డిశ్చార్జి రోజు మంచం అంచున కూర్చుని ఒక కార్డు వెనక తమిళంలో రాసిచ్చింది. పది నిమిషాలు పట్టింది. ఆ కార్డు ఇప్పటికీ మా ఫ్రిజ్ మీద ఉంది. దానిలో ఉన్నది చెబుతాం. ఇది మా ఇంటామెకు రాసింది, మీకు మీ డాక్టరే రాయాలి.

పారాసిటమాల్ గడియారం ప్రకారం, నొప్పి ఉన్నా లేకపోయినా. నొప్పి ముదిరాక వేసుకుంటే దాన్ని దించడం కష్టం. అయితే రోజు మొత్తంలో 3 గ్రాములు దాటకూడదు. గట్టి మాత్రలో కూడా 325 మిల్లీగ్రాముల పారాసిటమాల్ కలిసే ఉంటుంది, దాన్నీ లెక్కలో వేయాలి. దాని మీద ఎవరో చెప్పారని డోలో 650 కూడా మింగితే లివరు మీద పడుతుంది. గట్టి మాత్ర పొద్దున వ్యాయామానికి ముప్పావు గంట ముందు ఒకటి, సాయంత్రం వ్యాయామానికి ముందు ఒకటి, రాత్రి పడుకునేటప్పుడు ఒకటి. నాలుగు రోజుల తర్వాత సాయంత్రానిది తీసేయాలి. ఇంకో నాలుగు రోజులకు పొద్దుటిది. తర్వాత మూడు రాత్రులు రాత్రిది మాత్రం. పన్నెండో రోజున సున్న. మధ్యలో తట్టుకోలేకపోతే ఒక మెట్టు వెనక్కి వెళ్ళి ఫోన్ చేయాలి, సొంతంగా పైకి పోకూడదు. వ్యాయామం అయ్యాక గుడ్డలో చుట్టిన ఐసు 20 నిమిషాలు, కాలు దిండు మీద ఎత్తులో. మొదటి మాత్రతో పాటే విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా మొదలు, ఎందుకంటే ఈ జాతి మాత్రలు మలబద్ధకం తెస్తాయి. మొదటిసారి మాత్రలు మానడానికి మా ఇంటామెకు అదీ ఒక కారణమే, సిగ్గుపడి చెప్పలేదు. తల తిరిగితే ఒంటరిగా బాత్‌రూముకు పోవద్దు. నిద్రమాత్రతో గానీ మందు సీసాతో గానీ కలపవద్దు. ఈ చివరి మాట డాక్టరమ్మ మా వైపు చూసి ఎందుకు చెప్పిందో మాకు తెలియదు.

ఇంకో సంగతి ఆ కార్డు వల్లే తెలిసింది. "కిడ్నీలు పోతాయి" అని మనవాళ్ళు పెట్టిన భయం పూర్తిగా అబద్ధం కాదు, కానీ చిరునామా తప్పు. కిడ్నీని, కడుపును, బీపీని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి వాపు తగ్గించే మాత్రలు. చక్కెర, బీపీ ఉన్న పెద్దవాళ్ళకు డాక్టర్లు వాటిని ఆచితూచి ఇస్తారు. మా ఇంటామెకు అసలు ఇవ్వలేదు. మనమేమో ట్రమడాల్ అంటే హడలిపోయి, షాపులో "ఒక నొప్పి మాత్ర ఇవ్వు తంబీ" అని డైక్లోఫెనాక్ కొనుక్కుని వారాల తరబడి మింగుతాం. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ళకు ట్రమడాల్ మోతాదు కూడా తగ్గించాలి, అది డాక్టరు చూసుకుంటారు. వచ్చిపోయే చుట్టాలు చూసుకునే పని కాదు.

ఈసారి మేము నోటుబుక్కు పెట్టాం. గుమాస్తా పని మాకు వచ్చిందే కదా. టైము, ఏ మాత్ర, నొప్పి పదికి ఎంత, మోకాలు ఎంత వంగింది, ఎన్ని అడుగులు నడిచింది. నొప్పి అంకె సున్న కావాలని మేము చూడలేదు. నాలుగు ఉన్నా సరే, హాలు దాటి వరండా దాకా నడవగలిగిందా అని చూశాం. పద్నాలుగో రోజుకు 88 డిగ్రీలు. ఇప్పుడు 105.

భాష సంగతికి వస్తాం. మన సంఘం ప్రతి ఏడాదీ ఆగస్టు 29న గిడుగువారి పేరున తెలుగు భాషా దినోత్సవం చేస్తుంది. 2006 చట్టం వచ్చినప్పుడు బళ్ళలో మన పిల్లల తెలుగు ఏమవుతుందోనని మీటింగుల మీద మీటింగులు పెట్టాం. మంచిదే. కానీ మన ముసలివాళ్ళకు భాష అత్యవసరమైన చోటు ఆస్పత్రి మంచం. అక్కడ వాళ్ళ మాట ఏమవుతోంది? మా ఇంటామె మొదటిసారి "సలుపుతోంది" అంది, తర్వాత ఒకరోజు "మంట, చీమలు పాకినట్టు" అంది. మేము రెంటినీ డ్యూటీ డాక్టరుకు "వలిక్కుదామ్" అని ఒకే మాటగా చెప్పాం. సలుపు వేరు, పోటు వేరు, మంట వేరు, తిమ్మిరి వేరు. మంట, చీమలు, కరెంటు కొట్టినట్టు ఉండటం నరం వల్ల వచ్చే నొప్పి కావచ్చు. దానికి వేరే జాతి మందు ఇస్తారు, మామూలు మాత్రల మోతాదు పెంచితే లాభం ఉండదు. ఇంట్లో అమ్మ దగ్గర నేర్చుకున్న నాలుగు మాటలను తమిళంలోకి సరిగ్గా మార్చి ఉంటే ఆమెకు ఆ వారం సుఖంగా గడిచేది. ఎరిచ్చల్, కుత్తల్ అనే మాటలు మాకు బడిలోనే వచ్చు. అప్పుడు తోచలేదు.

కాగితం తెలుగులోనే కావాలని పంతం మాకు లేదు. మనలో సగం మందికి తెలుగు చదవడం రాదు, తమిళమే చదువుతాం. తమిళంలో ఇవ్వండి చాలు. అడిగేవాడు లేక ఇవ్వడం లేదు. డాక్టర్లకు టైము లేదంటారు, నిజమే. కానీ ఆ డాక్టరమ్మకు పట్టింది పది నిమిషాలు, మొదటిసారి ఆ పది నిమిషాలు మిగిల్చినందుకు రెండో ఆపరేషన్‌కు ఎంతమంది చేతులు, ఎంతసేపు పట్టాయో లెక్క వేయండి.

ఈ రెండు గోతులూ మన ఇళ్ళల్లోనే పుట్టలేదు. అమెరికాలో 1996లో ఆక్సీకాంటిన్ అనే మాత్ర బజారుకు వచ్చింది. అలవాటయ్యే ప్రమాదం తక్కువని కంపెనీ ప్రచారం చేసింది. ఆ ప్రచారం తప్పుదారి పట్టించేదని 2007లో కోర్టులో నేరం ఒప్పుకుంది. డాక్టరు చీటీతో మొదలైన కథ తర్వాత దొంగ ఫెంటనిల్ దాకా పోయింది. 2021లో ఆ దేశంలో మత్తుపదార్థాల మోతాదు మించి చనిపోయినవాళ్ళు లక్ష దాటారు. మన దేశంలో దీనికి తలకిందులు. నల్లమందును ప్రభుత్వ లైసెన్సుతో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో పండిస్తాం. కానీ 1985 మత్తుమందుల చట్టం తర్వాత లైసెన్సుల మీద లైసెన్సులు అడిగేసరికి ఆస్పత్రులు మార్ఫిన్ పెట్టుకోవడమే మానేశాయి. పన్నెండేళ్ళలో వాడకం నూటికి తొంభై పాళ్ళకు పైగా పడిపోయింది. క్యాన్సరు రోగులు అరుస్తూ పోయారు. తిరువనంతపురంలో పాలియం ఇండియా పెట్టిన డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడితే 2014లో చట్టం సడలించారు. అన్నగారు అమెరికా గొయ్యి చూపించి భయపెడుతున్నారు, మనం నిలబడింది ఎక్కువగా రెండో గొయ్యిలో.

అయినా మొదటి గొయ్యి మన వీధి దాకా రాలేదని అనం. దినతంతి తెరిస్తే వ్యాసర్‌పాడి, పుళియంతోపు, కొడుంగైయూరు పేర్లతో "వలి నివారణి మాత్తిరై" పట్టుబడిన వార్తలు చూస్తూనే ఉన్నాం. పిల్లలు టాపెంటడాల్ మాత్రలు నీళ్ళలో కరిగించి సూదితో ఎక్కించుకుంటున్నారు. ఆ మాత్రలు అన్నీ దొంగ రవాణాలోనే రావు. మిగిలిపోయిన అట్టలు మన బీరువాల్లో ఉన్నాయి, మనవలు ఉన్న ఇళ్ళల్లో ఉన్నాయి. మా తోడల్లుడి ఇంట్లో బిస్కెట్ డబ్బాలో దొరికాయి. వాటిని "ఎవరికైనా పనికొస్తాయి" అని దాచడం దానగుణం కాదు. 2025లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో, చెత్తలో వేయకుండా టాయిలెట్‌లో వేసి నీళ్ళు వదలమన్న 17 మందుల్లో ట్రమడాల్, టాపెంటడాల్ రెండూ ఉన్నాయి. కేరళలో అదే ఏడాది కోళిక్కోడ్‌లో ఇళ్ళకు వచ్చి పాత మందులు తీసుకుపోయే పథకం మొదలుపెట్టారు. మనకు ఇంకా అటువంటిది లేదు కాబట్టి మన బీరువా మనమే చూసుకోవాలి. అన్నగారు చెత్తబుట్టలో పడేసిన అట్టను పొద్దున ఎవరు ఏరుకున్నారో ఆయనకు తెలుసా?

వచ్చే ఆదివారం మీటింగులో మేము మూడు విషయాలు పెట్టబోతున్నాం, ముందే చెబుతున్నాం, తయారై రండి. ఒకటి, ఒక పేజీ కాగితం. ఒక పక్క తమిళం, ఒక పక్క తెలుగు, గళ్ళు గీసి. ఏ మాత్ర, ఏ టైము, ఏ రోజు నుంచి ఎన్ని, ఎప్పుడు సున్న, ఎవరికి ఫోన్. ఆపరేషన్‌కు పోయేవాళ్ళు దాన్ని తీసుకెళ్ళి డిశ్చార్జి రోజు డాక్టరు చేత గానీ నర్సు చేత గానీ నింపించుకుని రావాలి. నింపేదాకా బిల్లు కౌంటరు దగ్గరే కూర్చోండి, మేము తోడు వస్తాం. మనలో ఒకామె ప్రభుత్వ ఆస్పత్రిలో నర్సుగా రిటైరయ్యారు, కాగితం సరిచూసి పెడతానన్నారు. రెండు, ఇంటికి వ్యాయామం చేయించేవాళ్ళను పెట్టుకునే స్తోమత లేనివాళ్ళకు, 2021లో మొదలైన మక్కళై తేడి మరుత్తువం పథకంలో ఇంటి దగ్గర ఫిజియోథెరపీ కూడా ఉంది. మన వార్డు ఆరోగ్య కేంద్రంలో పేర్లు రాయించే పని సంఘం తీసుకోవాలి. మూడు, ఆపరేషన్ అనుభవాలు గ్రూపులో రాయండి, తప్పకుండా రాయండి, కానీ "నేను మానేశాను, మీరూ మానేయండి" అని రాసిన దాన్ని అడ్మిన్లు తీసేయాలి. "నా దగ్గర పది మాత్రలు ఉన్నాయి, కావాలంటే తీసుకోండి" అన్న దాన్ని ఇంకా ముందు తీసేయాలి. అన్నగారు దీనికి అడ్డు చెబుతారని తెలుసు. రండి, ఎదురెదురుగా మాట్లాడుకుందాం. పాలప్యాకెట్ల బాకీ అలాగే ఉంది.

ఫోన్ చేసిన చెల్లెమ్మకు మా ఇంటామె ఏం చెప్పిందో కూడా రాయమంటోంది. "మాత్ర వేసుకో, కాలు వంచు, దిగే రోజులు ముందే రాయించుకో, నొప్పి వస్తే నోరు తెరిచి చెప్పు. నిన్నెవరైనా ఓర్పుగల మనిషివి అంటే నాకు ఫోన్ ఇవ్వు."

ఆమె ఎడమ మోకాలికి పొంగల్ అయ్యాక తేదీ ఇచ్చారు. చూడ్డానికి అందరూ రండి, సంతోషం. పొద్దున తొమ్మిదికీ సాయంత్రం నాలుగున్నరకూ వ్యాయామం, ఆ టైములో మాత్రం వద్దు. దానిమ్మపళ్ళు తెండి. హార్లిక్స్ వద్దు, ఇంకా మూడు సీసాలు అలాగే ఉన్నాయి. కథలు వీధి గుమ్మం దగ్గరే చెప్పులతో పాటు వదిలి రండి.